నిద్ర పట్టని నేరం

నేను జీవితంలో ఒక్క చుక్క సారా ముట్టలేదు. ఈ మాటతో మొదలుపెట్టడం నాకిష్టం లేదు. ఇట్లా మొదలుపెట్టిన మనిషిని చూస్తే ఎవరికైనా ముందు అనుమానమే వస్తుంది. అయినా వేరే దారి లేదు. హిందూపురంలో ఒక డాక్టరు నేను తాగుబోతునని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం పెనుకొండలో మా ఆఫీసు ఫైల్లో చేరింది. నేను రిటైరైన రోజు కూడా అది ఆ ఫైల్లోనే ఉంది. డాక్టరు పేరు రాయను. ఆయన బంధువులు బాధపడతారని కాదు. పేరు లేకుండా తిడితే ఎంతసేపైనా తిట్టొచ్చు.

ఆ రోజుల్లో మలేరియాను పోగొట్టడానికి ఊరూరా ఇళ్ళ గోడలకు డి.డి.టి. చల్లించేవారు. ఆ చల్లేవాళ్ళలో నేనొకణ్ణి. యాభైల చివర్లో పెనుకొండ ఆఫీసు కింద చేరాను. బకెట్టు నీళ్ళలో తెల్లటి పొడి కలిపి, అందులో పంపు నిలబెట్టి ఒకడు కొడుతుంటే, ఇంకొకడు పొడుగాటి గొట్టం పట్టుకుని గోడలూ దూలాలూ అటక కింద చీకటి మూలలూ తడపాలి. తడిపిన ఇంటి గోడ మీద తేదీ రాయాలి. మేము గడప దాటగానే ఆ ఇంటావిడ ఆ తేదీ మీద పేడ అలికేది. అదీ మా ఉద్యోగం.

పొడి కలపడానికి ఒక కట్టె ఇచ్చారు. మొదటి ఏడే రొద్దంలో అది విరిగింది. కొత్తది కావాలని అర్జీ పెట్టుకున్నాను. చాలా నెలలకు జవాబొచ్చింది: విరిగిన కట్టెను స్టోరుకు అప్పగించిన రసీదు జతచేయవలెను. విరిగిన కట్టెను ఆ ఇంటి ముసలమ్మ అదే రోజు పొయ్యిలో పెట్టింది. పొయ్యి రసీదు ఇవ్వదు. ఆ సంగతి కూడా వివరంగా రాసి ఇంకో అర్జీ పెట్టాను. దానికి జవాబు ఈ రోజుకూ రాలేదు. అప్పటి నుంచి మోచేతి దాకా చెయ్యి ముంచి చేత్తోనే కలిపాను. మధ్యాహ్నం ఆ చేతిని ఖాకీ నిక్కరుకు తుడుచుకుని, అదే చేత్తో సంగటి ముద్దా ఊరిబిండి పచ్చడీ తినేవాణ్ణి. ఏడేళ్ళు అట్లా తిన్నాను.

జనం ఊరికే తలుపు తీసేవాళ్ళు కాదు. పిల్లులు చస్తున్నాయనీ, కోళ్ళు నీరసపడుతున్నాయనీ, గోడలు తెల్లగా చారలు పడుతున్నాయనీ గొడవ. అందుకు మా ఇన్‌స్పెక్టరుకు ఒక పద్ధతి ఉండేది. ఆయన చాలా నిష్ఠాపరుడు. ఉల్లిగడ్డ కూడా తినడు. ప్రతి ఊళ్ళో, మొదటి ఇంటి ముందు, నలుగురూ చేరిన తర్వాత డబ్బాలోంచి చిటికెడు పొడి తీసి నాలుక మీద వేసుకుని చప్పరించేవాడు.

"చూసినారు కదప్పా. ఉప్పు తిన్నట్ల తింటాండా. నాకేమన్నా అయిందా? ఇది దోమకు విషం, మనిషికి విబూది."

తాడిమర్రి దిక్కు ఒక ఊళ్ళో ఒక అవ్వ ఆయన్ని కిందికీ పైకీ చూసి, "నువ్వు తింటే తిను సామీ, మా ఇంట్లోకి మాత్రం తేవద్దు. పోయినేడు కొట్టినారు. దోమలు సచ్చినాయో ల్యాదో గానీ నల్లులు బలిసినాయి" అంది. ఆయన ఇంకో చిటికెడు తిన్నాడు. అవ్వ తలుపు తీసింది. ఏడాదికి ఎన్ని ఊళ్ళో అన్ని చిటికెలు.

ఇంటి దగ్గర నేను కొంచెం గొప్పవాణ్ణి. ఖాళీ డబ్బాలు రాగులకూ చెనిక్కాయలకూ పనికొచ్చేవి. అడుగున మిగిలిన పొడిని నా భార్య పిల్లల తలల్లో పేలకూ, పరుపుల్లో నల్లులకూ, అటక మీద మూటలకూ చల్లేది. వీధిలో వాళ్ళు డబ్బాల కోసం నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన గౌరవం అదొక్కటే.

ఉద్యోగం అంటున్నాను గానీ అది సీజను పని. చల్లే నెలల్లో పిలుస్తారు, మిగతా నెలల్లో మరిచిపోతారు. ఏడో ఏడు ఎట్టకేలకు కొందరిని పర్మనెంటు చేస్తామని లిస్టు తయారు చేశారు. అందులో నా పేరు మూడోది. మొదటి ఇద్దరూ నాకంటే వెనక చేరినవాళ్ళు. ఆ సంగతి ఇక్కడ వదిలేస్తాను. వదిలేశానంటే మరిచిపోయానని కాదు.

లిస్టు పైకి పోవడానికి రెండు నెలల ముందు హిందూపురం పక్క పల్లెలో నిచ్చెన మీంచి పడ్డాను. కుడి మోచేతి కీలు తప్పింది. హిందూపురంలో చెప్పాను కదా ఆ డాక్టరు, ఆయన దగ్గరికి తీసుకుపోయారు. పొద్దున ఎనిమిదికి కాంపౌండరు రెండు మాత్రలు మింగించాడు.

"నిద్దరమాత్రలప్పా. అర్ధగంటలో మత్తొస్తాది. డాక్టరు గారొచ్చి కీలు లాగి పెడితే నీకు తెలనే తెల్దు."

మత్తు వచ్చింది. కళ్ళు బరువెక్కాయి, కాంపౌండరు ఇద్దరుగా కనిపించాడు. ఇంకేం పడుకుంటాననుకునేంతలో ఇద్దరూ మళ్ళీ ఒకడైపోయారు. డాక్టరు పది గంటలకు రావలసినవాడు పదకొండు దాటాక వచ్చాడు. కాంపౌండరు మూడో మాత్ర కూడా వేశాడు. అదీ అంతే, వచ్చి తలుపు తట్టి వెళ్ళిపోయింది. డాక్టరు రాగానే కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నాను. పెద్దవాళ్ళు చెబితే వింటాను. అదే నా తప్పు.

"పండుకున్నాడా?" అని డాక్టరు అడిగాడు.

"మూడు మాత్రలేసినా సార్. పండుకున్నట్లే ఉండాడు" అన్నాడు కాంపౌండరు.

"మూడు మాత్రలు కావల్సొచ్చిందా? ఏం పని చేస్తాడంట?"

"డి.డి.టి. చల్లుతాడంట సార్."

"ఓహో. ఊరూరూ తిరిగేవాడు. పగలు గోడలు తడుపుతాడు, పొద్దు మునిగితే గొంతు తడుపుతాడు. వీళ్ళకు మాత్రలు చాలవయ్యా, కుండ కావల్ల."

అట్లా అంటూ నా చెయ్యి పట్టి లాగడం మొదలుపెట్టాడు. నేను కళ్ళు తెరిచాను.

"సార్, ఆ కుండ మాట ఎవరి గురించి?"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. కీలు సగంలో ఉంది. కాంపౌండరు గోడకు ఆనుకున్నాడు.

"నీకు మత్తు రాల్యా?" అన్నాడు డాక్టరు.

"వచ్చింది సార్. పోయింది."

"మూడు మాత్రలకు ఎద్దయినా పండుకుంటాది."

"పండుకుందును సార్. మీరు పది గంటలకు వచ్చుంటే."

ఈ జవాబు చెప్పకుండా ఉండాల్సిందని నా భార్య ఇప్పటికీ అంటుంది. డాక్టరు ముఖం ఎర్రబడింది. "ఎన్నేండ్లుగా తాగుతాండావు? నిజం చెప్పు. తాగి తాగి ఒళ్ళు రాటుదేలినోనికి తప్ప ఈ మాత్రలు పనిచేయకుండా పోవు" అన్నాడు. తాగనన్నాను. మొదటిరోజు అందరూ అట్లే అంటారన్నాడు. ఆ తర్వాత ముగ్గురు మనుషుల్ని పిలిచి నన్ను పట్టుకోమని, మెలకువగా ఉండగానే కీలు లాగి పెట్టాడు. ఆ నొప్పి గురించి రాయను. అది ఆరు వారాల్లో పోయింది.

పోనిది ఆయన ఇచ్చిన చీటీ. సెలవు అర్జీకి జతచేయమని ఇచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. పెనుకొండలో మా ఇన్‌స్పెక్టరే చదివి చెప్పాడు: రోగికి దీర్ఘకాలంగా తాగుడు అలవాటున్నది, అందువల్ల మత్తు మందులకు లొంగలేదు. అప్పుడు మా జిల్లాలో మద్యనిషేధం. సారా తాగితే కేసు. కాబట్టి ఆ డాక్టరు రాసింది జబ్బు కాదు, నేరం. సాక్షుల్లేరు, విచారణ లేదు. నేను చేసిన నేరమల్లా నిద్రపోకపోవడం.

"ఏమప్పా, ఈ కాగితం పెట్టుకుని నీ పేరు పైకెట్ల పంపల్ల?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తాగేవాణ్ణి పర్మనెంటు చేయమని రాస్తే నన్నంటారు. ఒక నెల టైమిస్తా. ఇది తప్పని ఆ డాక్టరు చేతనే రాయించుకోనిరా. లేదంటే పేరు కొట్టేస్తా."

ఏడేళ్ళు ఒక నెలకొచ్చి నిలబడ్డాయి. ఇంటికొచ్చి చెబితే నా భార్య, "ఏమయ్యా, ఊర్లల్లో తిరిగేటప్పుడు ఎవురన్నా బలవంతంగా పోసినారా ఎప్పుడన్నా?" అంది.

"నువ్వు కూడానా?"

"నేను నమ్ముతాండాలే. డాక్టరు చదువుకున్నోడు కదా అని అడిగితి."

నేను చదువుకోనివాణ్ణి కాబట్టి తాగుండొచ్చు. ఈ లెక్క నా ఇంట్లోనే మొదలైంది.

నాకు తోచింది ఒకటే. మాత్రలు దొంగవి. కాంపౌండరు అసలువి బయట అమ్ముకుని సుద్దముక్కలు మింగించి ఉంటాడు. నొప్పికి ఇంటి దగ్గర వాడమని ఇచ్చిన పొట్లంలో అవే మాత్రలు ఇంకా మిగిలున్నాయి. వాటితోనూ నాకు నిద్ర రాలేదు. నాకంతా స్పష్టమైపోయింది. ఎవరికి అర్జీ పెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇక రుజువు కావాలి.

ధర్మవరంలో మా అక్క ఇల్లు. బావ పట్టుచీరలు నేస్తాడు. పొట్లం జేబులో పెట్టుకుని పొద్దున్నే దిగాను. బావ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు తలెత్తి, "ఏమబ్బా, పెనుకొండ సారాయంతా అయిపోయిందా, ధర్మవరం మీద పడినావు" అన్నాడు. వార్త నాకంటే ముందు బస్సులో వచ్చింది.

నేను పొట్లం విప్పి విషయమంతా చెప్పాను. సుద్దముక్కలని చెప్పాను. ఆయన ఒకటి తీసి వెలుతురులో చూశాడు.

"సుద్ద అయితే నేను మింగుతా పట్టు. సుద్ద తింటే మగ్గం నిలబడిపోతాదా యేమి? నువ్వెన్ని మింగినావు?"

"మూడు."

"నేను రెండు మింగుతా. నీయంత అలవాటు ల్యా నాకు."

టీతో పాటు రెండూ మింగాడు. నేను ఎదురుగా కూర్చున్నాను, మెలకువగా నేసే మనిషిని చూపించి కాంపౌండరును పట్టించబోతున్నానన్న సంతోషంతో. బావ కొంచెంసేపు బాగానే నేశాడు. నన్ను ఆటపట్టిస్తూ నేశాడు. తర్వాత మాటలు తగ్గాయి. అడ్డపోగు మోసే నాడె విసరడం నిదానమైంది. అంచు కట్టే చోట చెయ్యి ఆగి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు గాలిలో నిలబడింది. ఆ తర్వాత తల మెల్లగా వంగి, సగం నేసిన చీర మీద ఆనింది. గుర్రు మొదలైంది.

"ఒరే, ఏం పెట్టినావురా మీ బావకు?" అని అక్క వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"సుద్దముక్కక్కా" అన్నాను.

ఇద్దరం కలిసి ఆయన్ని గుంటలోంచి లాగి చాప మీద వేశాం. తెగిన పోగులు ఎన్నో అక్క తర్వాత ముడివేస్తూ ఒక్కొక్కటీ నాకు చూపించింది. ఆ చీర మూడు రోజుల్లో షావుకారుకు అప్పగించాల్సింది. బావ మధ్యాహ్నం లేవలేదు. సాయంత్రం లేవలేదు. అక్క ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ, మధ్యమధ్య నా వైపు చూస్తూ కూర్చుంది. నా భయం నేను ఎవరికీ చెప్పలేదు. మరునాడు పొద్దునకు కళ్ళు తెరిచి, నన్ను చూసి, "సుద్ద బాగుండాదిరా" అని మళ్ళీ మూసుకున్నాడు.

మాత్రలు అసలైనవి. నా కేసును నేనే, నా ఖర్చుతో ధర్మవరం పోయి, ఇద్దరు సాక్షుల ముందు ఓడించుకున్నాను. మామూలు మనిషి రెంటికే రోజంతా పడిపోయాడు. మూడు మింగి డాక్టరుతో వాదించినవాణ్ణి ఏమంటారు? ఒక్క క్షణం నాకే నా మీద అనుమానం వచ్చింది. ఎక్కడైనా మజ్జిగలో కలిపి పోశారేమో అని ఊళ్ళ పేర్లు వరసగా తలుచుకున్నాను.

బావ లేచి నిలబడితే తూలుతున్నాడు. అక్క ఇద్దరినీ తోసుకుంటూ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె ధర్మవరానికి కొత్తగా వచ్చింది. చిన్న వయసు. బావను పరీక్ష చేసి ప్రమాదం లేదని చెప్పి, నా వైపు తిరిగింది.

"ఒకరి మాత్రలు ఇంకొకరి నోట్లో వేయడానికి ఇదేమైనా ప్రసాదమా? ఆయన గుండె బలహీనమైనదైతే ఈపాటికి మీరు పోలీస్ స్టేషన్లో ఉండేవారు."

తల వంచుకున్నాను. జీవితంలో న్యాయంగా తిన్న తిట్లు తక్కువ. అవి అందులో ఉన్నాయి.

"మీరు మింగినప్పుడు ఎంతసేపు నిద్రపోయారు?" అని అడిగింది.

"నిద్రే పోలేదమ్మా. మత్తొచ్చి పోయింది."

"తాగుతారా?"

"అందరూ అదే అడుగుతున్నారమ్మా."

"నేను జవాబు కోసం అడుగుతున్నాను."

"తాగను."

"సరే" అని రాసుకుంది.

అంతే. ఇంకోసారి అడగలేదు, నోటి వాసన చూడలేదు, అక్క ముఖం చూడలేదు. ఆ ఒక్క "సరే" కోసం నేను హిందూపురం నుంచి పెనుకొండకూ, పెనుకొండ నుంచి ధర్మవరానికీ తిరిగానని ఆమెకు తెలియదు.

హిందూపురం డాక్టరు రాసిన చీటీ సంగతి విని, తర్వాత నా పని గురించి అడిగింది. పొడి ఎట్లా కలుపుతానో చూపించమంది. చూపించాను. తిండికి ముందు సబ్బుతో కడుక్కుంటానా అని అడిగింది. నేను బావను చూశాను, బావ నేలను చూశాడు. రాగులు దేంట్లో పోసుకుంటామని అడిగింది. అదీ చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది.

"ఒంట్లో చేరిన మందునైనా విషాన్నైనా విరగ్గొట్టి బయటికి పంపేది కాలేయం. మీరు ఏడేళ్ళుగా దానికి రోజూ డి.డి.టి. పెడుతున్నారు. ఆ పని కోసం అది పనివాళ్ళను ఎక్కువ పెట్టుకుందనుకోండి. ఇది డి.డి.టి., ఇది నిద్రమాత్ర అని వాళ్ళకు తేడా తెలియదు. మాత్ర లోపలికి పోగానే అందరూ దాని మీద పడతారు. మీకు నిద్ర పట్టేలోపే మాత్ర ఖర్చయిపోతుంది. బాగా తాగేవాళ్ళ ఒంట్లోనూ ఇలాంటిదే జరుగుతుంది. అందుకే ఆ డాక్టరు అటు పోయారు."

"అంటే వీని కడుపులో కూలోళ్ళుండారు, నా కడుపులో ల్యారు" అన్నాడు బావ.

"అంతే" అందామె.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడేళ్ళయినా నన్ను పర్మనెంటు చేయలేదు గానీ, నా కాలేయం మాత్రం ఎంతమందినో పర్మనెంటు చేసుకుంది.

"ఇది ఖాయమేనా అమ్మా?"

"జంతువుల్లో చూశారని ఇప్పుడిప్పుడే చదువుతున్నాం. మనుషుల సంగతి ఇంకా చూస్తున్నారు. మీ విషయంలో ఇదే జరిగిందని ప్రమాణం చేయలేను. ఇది కావచ్చనీ, మాత్ర పనిచేయనంత మాత్రాన తాగుడు రుజువు కాదనీ రాసిస్తాను." రాస్తూ ఇంకో మాట చెప్పింది. "ఒకటి గుర్తుంచుకోండి. చల్లడం మానేస్తే కొన్నాళ్ళకు ఆ పనివాళ్ళు తగ్గిపోతారు. అప్పుడు పాత లెక్క చూసుకుని మూడు మాత్రలు మింగితే మీ బావ కంటే ఎక్కువసేపు పడుకుంటారు. లేవకపోవచ్చు కూడా."

ఆ కాగితాన్ని చొక్కా లోపల పెట్టుకుని పెనుకొండ వెళ్ళాను. ఏడేళ్ళలో మొదటిసారి ఆఫీసు మెట్లు ఛాతీ విరుచుకుని ఎక్కాను. ఇన్‌స్పెక్టరు ఒకసారి చదివాడు, రెండోసారి చదివాడు, లేచి వెళ్ళి తలుపు వేశాడు.

"ఇది ఎవురికన్నా చూపించినావా?"

"లేదు సార్."

"చూపించొద్దు. ఇది పైకి పంపితే ఏమవుతాదో తెలుసునా? డి.డి.టి. మనిషి ఒంట్లోకి పోతాదని మన ఆఫీసే ఒప్పుకున్నట్ల. రేపు యా ఊర్లో తలుపు తీస్తారప్పా?"

"పోతాది కదా సార్."

"పోతాదో పోదో నాకు పని ల్యా. పోదని కరపత్రంలో ఉండాది."

నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన కాగితాన్ని మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకూ పనిచేయవప్పా ఆ మాత్రలు. నడుము నొప్పికని రెండేండ్ల కింద ఆ హిందూపురంలోనే మొదలుపెట్టినారు. ఒకటి, రెండు, మూడు. మింగేది, పైకప్పు చూసేది. ఆ డాక్టరుతో బాగా నిద్దర పోతాండానని చెప్తాండా. ల్యాదంటే నన్ను గూడా తాగుబోతని రాస్తాడు కదా."

ఆయన నాలుక మీద వేసుకున్న చిటికెలన్నీ నా కళ్ళ ముందు వరసగా కనిపించాయి. "సార్, మనిద్దరం కలిసి రాద్దాం. మీరు తాగరని జిల్లా అంతా తెలుసు. మీ మాట నమ్ముతారు" అన్నాను.

"నన్నెవురూ తాగుబోతనలేదు కదప్పా, నేను తాగల్యా అని యానికి రాయల్ల?" అన్నాడు. తర్వాత కాగితాన్ని బల్ల మీద నా వైపు జరిపి, ఆఫీసు గొంతుతో చెప్పాడు: "తాగుడుకు రూలుండాది. మానేసినానని రాసిచ్చి, డాక్టరు చీటీ తెస్తే క్షమిస్తారు. దీనికి రూలు ల్యా. తాగినోడివైతే నిన్ను కాపాడగలను. తాగనోడివైతే నా చేతిలో ఏమీ ల్యా."

ఈ మాట అన్నందుకు ఆయన మీద నాకు కోపం లేదనుకుంటారేమో. ఉంది. నాతో పాటు మెలకువగా ఉండి, నన్నొక్కణ్ణే తాగుబోతుగా వదిలేశాడు.

నెల గడువులో నాలుగు రోజులు మిగిలాయి. హిందూపురం వెళ్ళి డాక్టరమ్మ కాగితాన్ని ఆ డాక్టరు ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చదివి, "మొన్న కాలేజీ నుంచి వచ్చినట్లుండాది" అన్నాడు.

"అయితే నన్నేం చేయమంటావు? నేను తప్పు రాసినానని రాయల్నా?" అన్నాడు మళ్ళీ.

"అవును సార్."

"నా సర్వీసులో అట్లాంటి కాగితం రాయల్యా. ఇంకొకటి రాసిస్తా." దయతో కలం తీసి రాశాడు. చదివి వినిపించాడు: ప్రస్తుతం తాగుట లేదు, పనికి యోగ్యుడు.

"ఆ 'ప్రస్తుతం' తీసేయండి సార్."

"తీసేస్తే ముందు గూడా తాగలేదని అర్థమొస్తాది."

"అదే కావల్ల సార్."

"ముందు సంగతి నాకెట్ల తెలుస్తాదయ్యా?" అన్నాడు. మొదటి చీటీలో దీర్ఘకాలం అని రాసిన మనిషే అన్నాడు.

ఆ కాగితాన్ని తెచ్చి ఇంట్లో పడేశాను. ఇవ్వనన్నాను. ఇస్తే తాగానని నేనే ఒప్పుకున్నట్టు. రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. మూడో రోజు నా భార్య ఒక తెల్లకాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. ఇకమీదట తాగనని హామీ రాయాలని ఆఫీసులో ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చింది.

"రాయయ్యా. నువ్వు తాగలేదని నాకు తెలుసు. ఇంకెవురికి తెలియల్ల?"

"నువ్వూ అడిగినావు."

"ఒకసారే కదా అడిగింది. పిల్లోళ్ళు మాత్రం రోజుకు రెండుసార్లు అడుగుతారు, సంగటి."

రాశాను. ఇకమీదట తాగనని రాశాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. దానికి ముందు రాయాల్సిన వాక్యానికి చోటివ్వలేదు, అంతే. ఆమే రెండు కాగితాలూ కొంగున కట్టుకుని పెనుకొండ బస్సెక్కింది. రెండు నెలలకు పర్మనెంటు ఆర్డరు వచ్చింది. నా పేరు ఆరోదిగా ఉంది. చల్లడానికి కొత్త డబ్బాలు కూడా వచ్చాయి.

అక్కడితో అయిపోయుంటే ఇది రాసేవాణ్ణి కాదు. ఏడాది తర్వాత పెనుకొండలో మద్యనిషేధ ప్రచార సభ పెట్టారు. తాగుడు మానేసి బాగుపడిన మనిషి ఒకడు వేదిక మీద కావాలని పైనుంచి అడిగారు. తాలూకా అంతా వెతికితే దొరికింది ఒక్కడే, రికార్డు ప్రకారం. ఇన్‌స్పెక్టరు నా వైపు చూడకుండా మెమో ఇచ్చాడు. హాజరు కాకపోతే సంజాయిషీ ఇవ్వాలి.

నాకు బంతిపూల దండ వేశారు. మైకు ముందు నిలబెట్టారు. నేను చాలా రోజులుగా కూడబెట్టుకున్న మాట అనేశాను.

"అయ్యా, నేను ఎప్పుడూ తాగలేదు."

సభ సభంతా నవ్వింది. వెనక నుంచి ఎవడో "అందరమూ అంతేనబ్బా" అని అరిచాడు. పక్కనున్న ఆఫీసరు మైకు తీసుకుని, "చూశారా, ఆ పాత రోజులు తలుచుకోవడానికి కూడా ఎంత సిగ్గుపడుతున్నాడో. మార్పంటే ఇది" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నాకు అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు వచ్చిన రోజు అదే.

కిందికి దిగగానే ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. నల్లమాడ దిక్కు రైతు. కొడుకు దొంగసారాకు అలవాటు పడ్డాడట. పొలం పనికి పోడట, చెప్పినా వినడట. "నీ కాళ్ళు మొక్కుతాప్పా, ఎట్ల మానినావో చెప్పు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అట్లాంటి మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆఫీసు అరుగు మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. డి.డి.టి. కలపడం, నిచ్చెన, మాత్రలు, మగ్గం, డాక్టరమ్మ, కాలేయం, పనివాళ్ళు, అన్నీ. ఎవరూ నన్ను అంతసేపు అడ్డురాకుండా వినలేదు. చివరిదాకా తల ఊపుతూ విన్నాడు.

"అంతా బాగా చెప్పినావప్పా. నీకు పుణ్యముంటాది. ఆ హిందూపురం డాక్టరు ఇచ్చిన మాత్రల పేరేమో అదొక్కటి చెప్పు. మూడు మింగితే మానినావంటివే, మా వానికీ అవే పెడతా."

నేను దండ తీసి అరుగు మీద పెట్టాను. ఆ మాత్రలు కొడుక్కు పెట్టొద్దని రెండుసార్లు గట్టిగా చెప్పి, బస్సుకు టైమైందని లేచాను. పది అడుగులు వేశానో లేదో, ముసలాయన పక్కన కూర్చున్నవాడితో అంటున్నది వినిపించింది.

"మందు పేరు అడిగితే చెప్పకుండా పాయె. మానినాంకనే ఇంత పొగరుంటే, తాగేటప్పుడు ఎట్లుండెనో."